పరిమళమ్మను మోసిన కుర్చీ

నేను ఒక చక్రాల కుర్చీని. ఇప్పటి ఆసుపత్రుల్లో మీరు చూసే మడత కుర్చీల వంటిదాన్ని కాదు. అవి ఎక్కడో పెద్ద ఊళ్లో వందలకొద్దీ తయారై లారీలకెక్కి వస్తాయి. నన్ను ఒక్కదాన్నే ఒక మనిషి ఇరవై రోజులు కూర్చుని చేశాడు. ఆయన పేరు యేసోబు మేస్త్రి.

సున్నపుదిబ్బ అనే ఊరి చివర, కాలవ గట్టు పక్కన, కుష్ఠురోగుల కోసం కట్టిన మిషను ఆసుపత్రి ఉండేది. దాన్ని నడిపే దొరసాని డాక్టరమ్మ, నడవలేని రోగులను దుప్పట్లో వేసి నలుగురు నాలుగు మూలలు పట్టుకుని మోయడం చూడలేక, మేస్త్రిని పిలిచి నన్ను చేయమంది. యేసోబు ఒకప్పుడు అక్కడి రోగే. జబ్బు నయమైంది గాని వేళ్లు సగం పోయాయి. పనిముట్లను తోలుపట్టీతో మణికట్టుకు కట్టుకుని పని చేసేవాడు. టేకు చెక్క, రెండు పాత సైకిలు చక్రాలు, ముందు ఒక చిన్న చక్రం, కూర్చోవడానికి నవారు అల్లిక. అంతా అయ్యాక నన్ను వార్డుకు పంపలేదు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తానే నాలో కూర్చున్నాడు. చూసినవాళ్లు నవ్వారు.

"ఎక్కడ ఒత్తుకుంటదో చూస్తన్నా" అన్నాడాయన. "ఈ జబ్బున్నోళ్లకి ఒరుసుకుపోయినా తెలవదు గదా. నా నడుముకింకా తెలుస్తది."

మర్నాడు కుడివైపు చెయ్యి ఆన్చుకునే చెక్కను మళ్లీ చిత్రిక పట్టి నన్ను లోపలికి పంపాడు.

ఆ వార్డులోనే నాకు పరిమళమ్మ పరిచయమైంది. అప్పటికామె వయసు పందొమ్మిదేళ్లు. పెళ్లయిన ఏడాదికే భర్త పోతే, ఆయాగా చేరింది. ఆమెకు జబ్బు లేదు. అయినా ఈ పనిలో చేరినందుకు సొంత అన్నదమ్ములు ఆమె చేతి నీళ్లు తాగడం మానేశారు. ఆమె దాని గురించి ఎవరితోనూ మాట్లాడేది కాదు. రోగులను నాలో కూర్చోబెట్టి పంపు దగ్గరికి తీసుకుపోయి, నీళ్ల వేడి తన మోచేత్తో చూసి, పాదాలు కడిగి, పుండ్లు తుడిచి, కట్లు కట్టేది. ఒకరి తర్వాత ఒకరు, రోజుకు ఇరవై మంది. దేవుని కాపుదల గురించి చక్కగా మాట్లాడగలిగిన వాళ్లను నేను చాలామందిని చూశాను. పరిమళమ్మ మాత్రం దాని గురించి మాట్లాడగా వినలేదు. ఆమెకు తీరిక ఉండేది కాదు.

ఒకసారి ఊళ్లోని బడిపంతులు కృపాదానం తన తల్లిని తీసుకువచ్చాడు. తుంటి ఎముక విరిగింది, దగ్గర్లో వేరే ఆసుపత్రి లేదు. ఆరు నెలలు పరిమళమ్మే ఆ ముసలమ్మను రోజూ నాలో కూర్చోబెట్టి ఎండకు తిప్పింది. తల దువ్వింది. మలమూత్రాలు ఎత్తింది. ముసలమ్మ కోలుకుని ఇంటికి వెళ్లే రోజున కృపాదానం పరిమళమ్మ రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు.

"బతికినంతకాలం మిమ్మల్ని మరిచిపోనమ్మా" అన్నాడు.

మనుషులు అలాంటి మాట అన్నప్పుడు నిజంగానే అంటారు. అబద్ధమాడుతున్నారని నేను ఎన్నడూ అనుకోలేదు.

డాక్టరమ్మ ముసలిదై తన దేశం వెళ్లిపోయింది. తర్వాత కొన్నేళ్లకు ఆసుపత్రి మూతపడింది. జబ్బు నయమైన వాళ్లను ఇళ్లకు తీసుకుపొమ్మని అందరి ఊళ్లకూ ఉత్తరాలు రాశారు. పద్నాలుగు మంది కోసం ఎవరూ రాలేదు. వాళ్లు కాంపౌండులోని రెండు పొడుగాటి రేకుల షెడ్లలో ఉండిపోయారు. జీతం లేకపోయినా పరిమళమ్మ కూడా ఉండిపోయింది. ఎందుకున్నావని ఎవరూ ఆమెను అడగలేదు, పొమ్మని ఎవరూ చెప్పలేదు. కాంపౌండు ఊరి క్రైస్తవ సంఘం చేతికి వచ్చింది. ఏటా క్రిస్మసుకు ముందు సంఘస్తులు వచ్చి దుప్పట్లు పంచి, నాలో ఎవరినో ఒకరిని కూర్చోబెట్టి ఫోటో తీయించుకునేవారు. ఫోటో కోసం నన్ను తడిగుడ్డతో తుడిచేవారు కూడా.

పద్నాలుగు మంది ఆరుగురయ్యారు. ఆరుగురు ఇద్దరయ్యారు. చివరికి ఎలీషా ఒక్కడు మిగిలాడు. అతనికి రెండు చేతులకూ వేళ్లు లేవు గాని కాళ్లు బాగున్నాయి. పరిమళమ్మ కంటే నాలుగైదేళ్లు చిన్న.

ఒక పొద్దున బట్టలు ఉతుకుతూ పరిమళమ్మ పంపు దగ్గరే ఒరిగిపోయింది. ఎడమవైపంతా పడిపోయింది. ఎలీషా ఆమె చంకల కింద మోచేతులు దూర్చి, ఈడ్చుకుంటూ నా దాకా తెచ్చాడు.

"ఎక్కు ఆయమ్మా."

"అది మీ కుర్చీ గదరా" అంది ఆమె, మాట ముద్దగా వస్తుంటే.

"ఇప్పుడు నీదే. ఎక్కు."

నలభై ఏళ్లుగా నన్ను తోసిన మనిషి మొదటిసారి నాలో కూర్చుంది. ఎంత తేలికగా ఉందో ఆ రోజే తెలిసింది నాకు. ఎలీషా మణికట్లతో నన్ను తోసేవాడు. అతనికి స్పర్శ లేదు గనక, పిడులు ఒరుసుకుని పుండ్లు పడతాయని ఆమెకు భయం. రోజూ పొద్దున్నే బాగున్న ఒక్క చేత్తో నా పిడులకు పాతగుడ్డ చుట్టి, ముడిని పళ్లతో బిగించేది. సాయంత్రం అతని మణికట్లు తిప్పి చూసేది. ఇద్దరి మధ్యా అంతకు మించి మాటలుండేవి కావు.

ఆ సమయంలోనే కాంపౌండులో ఫంక్షను హాలు కట్టాలని సంఘం నిర్ణయించింది. షెడ్లు పడగొడతారనీ, మీరిద్దరూ ఖాళీ చేయాలనీ ఒక మనిషి వచ్చి చెప్పిపోయాడు. పరిమళమ్మ ఆ వారమంతా ఆలోచించింది. ఆదివారం ఉతికిన తెల్లచీర కట్టించుకుంది. కట్టించడానికి ఎలీషాకు గంట పట్టింది.

సంఘం కట్టుకున్న కొత్త గుడికి పదకొండు మెట్లున్నాయి, నల్లరాతివి. వాటి పక్కన నా చక్రాలు ఎక్కే దారి లేదు. ఎవరైనా నలుగురు పడితే ఎత్తగలరు. చాలామంది మా పక్కనుంచే ఎక్కి వెళ్లారు. "వందనాలమ్మా" అన్నారు, చేతులు జోడించి. చేతులు జోడించి ఉన్నాయి గనక నన్ను పట్టుకోవడానికి కుదిరి ఉండదు. మేము ఎండలో మెట్ల కిందే ఆరాధన విన్నాం. ఆ రోజు అయ్యగారు దేవుని సంరక్షణ గురించి చెప్పారు. పిట్టలను సైతం మరవని దేవుడు మనుషులను మరుస్తాడా అని, మైకులో మూడుసార్లు అడిగారు. చాలా బాగా చెప్పారు. పరిమళమ్మ ప్రతిసారీ తల ఊపింది.

ఆరాధన అయ్యాక సంఘపెద్ద కిందికి దిగి వచ్చాడు. ఆయన కృపాదానమే. జుట్టు నెరిసింది, కళ్లద్దాలు వచ్చాయి. ఎలీషాకు రెండడుగుల దూరంలో ఆగాడు.

"బాబుగారూ" అంది పరిమళమ్మ. "మాకు ఆ షెడ్డంతా అక్కర్లేదు. మూల గది ఒక్కటి ఉంచండి. ఎంతో కాలం ఉండం."

"నా ఒక్కడి చేతిలో ఏముందమ్మా. కమిటీ తీర్మానం. దూరాన మంచి ఆశ్రమం ఒకటి చూశాం. అక్కడ మిమ్మల్ని బాగా చూసుకుంటారు."

"ఇక్కడ మా వాళ్లు పదముగ్గురు మట్టిలో ఉన్నారయ్యా. వాళ్ల పక్కన నాక్కూడా చోటుంటదని..."

కృపాదానం కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన మనసు బాధపడటం నాకు కనిపించింది. కాని బాధపడటం అయిపోయాక చేయవలసిందేమీ లేదని ఆయన అనుకున్నట్టుంది.

"దేవుడు చూసుకుంటాడు పరిమళమ్మా" అన్నాడు. "ఆయన మీద భారం వెయ్యి."

ఆమె ఆయన ముఖంలోకి చూసింది.

"ఆయన మన మీద వేశాడు గదా బాబుగారూ" అంది నెమ్మదిగా. "మీ అమ్మగారిని నా మీద వేశాడు. నేను మళ్లీ ఆయన మీద వెయ్యలా."

మెట్ల మీంచి ఎవరో పిలిచారు, కృపాదానం వెళ్లిపోయాడు. కాసేపటికి ఒకమ్మాయి వచ్చి రెండు భోజనం పొట్లాలు ఆమె ఒళ్లో పెట్టి వెళ్లింది. ఎలీషా పొట్లం విప్పలేడు. పరిమళమ్మ పళ్లతో దారం కొరికి ముందు అతనిది విప్పింది.

బుధవారం పొద్దున వ్యాను వచ్చింది. నన్ను ఎక్కించడానికి చోటు లేదన్నాడు డ్రైవరు. పైన కట్టమని ఎలీషా అడిగాడు. తాడు లేదన్నాడు.

"అక్కడ కొత్తది ఇస్తార్లే పెద్దమ్మా, దీన్నేం చేసుకుంటావు" అన్నాడు, మంచిగానే.

పరిమళమ్మ కుడిచెయ్యి నా చెక్కను పట్టుకునే ఉంది. డ్రైవరు ఆమెను ఎత్తబోతే చెయ్యి వదల్లేదు. అతను మెల్లగా ఒక్కొక్క వేలూ విడదీశాడు. వ్యాను గేటు దాటాక కూడా నా పిడులకు ఆ పూట చుట్టిన గుడ్డ అలాగే ఉంది.

హాలు కట్టారు. 'కరుణ ఫంక్షన్ హాల్' అని రాత్రిపూట వెలిగే అక్షరాలు పెట్టారు. నేను మంచినీళ్ల క్యాన్లు మోసే బండినయ్యాను. ఒక పెళ్లిలో పెళ్లికొడుకు నాయనమ్మను కూర్చోబెట్టి నాకు బంతిపూలు చుట్టారు. కొన్నాళ్లకు ఇరుసు వంగింది. జనరేటరు గది పక్కన పడేశారు.

వానాకాలంలో ఒక రోజు ఎలీషా వచ్చాడు. ఒక్కడే. పొద్దున పదకొండు గంటలవుతుంది. బాగా చిక్కిపోయాడు. హాలు ముందు తోరణాలు కట్టిస్తున్న కృపాదానం అతన్ని చూసి గుర్తుపట్టాడు.

"ఆయమ్మ పోయిందండి" అన్నాడు ఎలీషా. "తొమ్మిది రోజులైంది. పోయినోళ్ల కోసం గుళ్లో గంట కొడతారేమోనని చెప్పడానికొచ్చా."

కృపాదానం ముఖం పాలిపోయింది. "అయ్యో. ముందే కబురు పెట్టాల్సింది ఎలీషా. వచ్చేవాళ్లం గదా."

"పెట్టించానండి. మూడుసార్లు."

పైన నిచ్చెన మీద ఉన్నవాడు దండ ఎక్కడ కట్టాలని అడిగాడు. కృపాదానం చేత్తో చూపించాడు. తర్వాత ఇటు తిరిగి, "ఆదివారం ప్రార్థనలో తలుచుకుంటాం" అన్నాడు. లోపలికి వెళ్లిపోయాడు. మళ్లీ బయటికి రాలేదు. గంట కూడా కొట్టలేదు.

ఎలీషా వచ్చి నా పక్కన అరుగు మీద కూర్చున్నాడు. నన్ను చూశాడో లేదో తెలియదు. హాలు కాపలాదారు మస్తాను క్యానులోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చాడు. అతని చేతులు చూసి, గ్లాసు తానే పట్టుకుని తాగించాడు.

"ఏవైంది ఆమెకి?" అని అడిగాడు.

"ఏవీ కాలా. చాప మీద పడుకోబెట్టారు. కుర్చీ లేదన్నారు. ఏడాది పైన అట్టాగే ఉంది. ఈపంతా పుండ్లయినయి. మోచేతుల్తో ఎంతని తిప్పగలను నేను? అందరి పుండ్లూ కడిగిన మనిషికి..."

"దేవుడి మాటేవైనా అందా?"

"ఒక్కసారి అంది. 'ఆయన చూస్తన్నాడంటావా ఎలీషా' అని అడిగింది. 'నేను చూస్తన్నా గదమ్మా' అన్నా."

"ఆమేవంది?"

"నా చెయ్యి తిప్పి, పుండు పడిందేమోనని చూసింది. మర్నాడు పోయింది."

మస్తాను తల వంచుకున్నాడు. వాన సన్నగా మొదలైంది. ఎలీషా లేచాడు.

"కాసేపు ఆగు. తగ్గాక పోదువు గాని. అన్నం తెప్పిస్తా" అన్నాడు మస్తాను.

"లేదయ్యా. పన్నెండింటి బస్సు అందాల. అక్కడ కళ్లు లేని ముసలాయన ఒకడున్నాడు. ఆయన పళ్లెం ఎక్కడుందో ఎవరూ చెప్పరు. నేను పోకపోతే తినడు."

అతను వానలోనే నడిచి గేటు దాటాడు. రోడ్డు మీద ఆటోవాడు ఒకడు ఆగి, అతని చేతులు చూసి, మళ్లీ వెళ్లిపోయాడు.

తర్వాతి నెలలో పాత సామానుతో పాటు నన్ను కూడా తీసేశారు. ఇప్పుడు రోడ్డు పక్కన పాత ఇనుము కొట్లో ఉన్నాను. చక్రాలు ఎవరో పట్టుకుపోయారు. పిట్టలను మరవని దేవుడు పరిమళమ్మను చూశాడో లేదో, చెక్కముక్కను, నాకేం తెలుస్తుంది? ఆమెను చూసుకోవలసిన వాళ్లందరినీ నేను చూశాను. చాలామందే ఉన్నారు. ఇక్కడ పగలల్లా బస్సులు పోతుంటాయి. ఆ రోజు ఎలీషాకు పన్నెండింటి బస్సు అందిందో లేదో, ఆ ముసలాయన ఆ పూట తిన్నాడో లేదో, నాకు ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు.