చిలుకల గలీబు

పెళ్లయి సిద్దిపేటకు వచ్చేటప్పుడు అనూహ్య పట్టుబట్టి వెంట తెచ్చుకున్న వస్తువు ఒక్కటే, తన కంప్యూటర్. పెళ్లికి ముందు ములుగులో రెండేళ్లు పనిచేసి సొంత సంపాదనతో కొనుక్కుంది. ఇంజనీర్లు ప్లాను పంపితే, కట్టబోయే ఇల్లు ఎలా ఉంటుందో రంగులతో సహా బొమ్మ చేసివ్వడం ఆమె పని.

అత్తగారిల్లు మెయిన్‌రోడ్డు మీద, కింద గిన్నెల దుకాణం, పైన కాపురం. దుమ్ముకు కొదవ లేదు. కోడలు వచ్చిన వారానికే అత్త సుగుణ కంప్యూటర్ డబ్బాకు నీలంగుడ్డతో గలీబు కుట్టింది. అంచున ఆరు చిలుకలు, వాటి కళ్లకు ఎర్రదారం. స్విచ్చుకు, తీగలకు చిన్న సందులు వదిలి, దిండుకు తొడిగినట్టు తొడిగేసింది.

"తల్లిగారింటి సామాను బిడ్డా, మా ఇంటికొచ్చి ఖరాబు కావద్దు," అంది.

ఆ కొత్త ఇంట్లో తన కోసం ఒకరు పనిగట్టుకుని చేసిన మొదటి పని అది. అనూహ్య ఆ చిలుకలను ఒక్కొక్కటిగా వేలితో తడిమింది.

నెల తిరగకముందే కంప్యూటర్ మొరాయించసాగింది. నలభై నిమిషాల్లో అయ్యే బొమ్మకు రెండు గంటలు పడుతోంది. "పాతదైంది, కొత్తది తీసుకుందాం," అన్నాడు భర్త సాయిప్రసాద్. ఆమె ఒప్పుకోక, అతని స్నేహితుడు మహేందర్ రిపేరు షాపుకు తీసుకుపోయింది. అతను ర్యామ్ పెంచి, పాత హార్డ్‌డిస్క్ స్థానంలో దానికన్నా వేగంగా నడిచే ఎస్‌ఎస్‌డి వేశాడు. షాపులో పరుగెత్తింది. ఇంటికి తెచ్చి గలీబు తొడిగి పని మొదలుపెడితే మళ్లీ అదే నత్తనడక.

"మా దగ్గర మంచిగనే నడిచిందిగద వదినా," అన్నాడు మహేందర్ ఫోన్లో. "ఇంట్ల వేడెక్కుతుందేమో. వేడి ఎక్కువైతే ప్రాసెసర్ కాలిపోకుండ తనంతల తానే నెమ్మదిస్తది. వేడి చూపించే సాఫ్ట్‌వేర్ ఒకటి పంపుతున్న, చూడున్రి."

చూసింది. తొంభై ఏడు డిగ్రీలు. చిలుకల మీద చెయ్యి వేస్తే జ్వరమొచ్చిన పిల్లాడి వీపులా కాలుతోంది. గలీబు తీసి ఇరవై నిమిషాలు ఆగింది. డెబ్బైరెండుకు దిగింది.

ఈ మాట అత్తకు ఎలా చెప్పడం? మధ్యాహ్నం సుగుణ నడుం వాల్చగానే గలీబు తీసి పని చేసుకోవడం, చాయ్ వేళకు మళ్లీ తొడగడం. పది రోజులు అలా నడిచింది. పదకొండోనాడు సుగుణ తొందరగా లేచింది. గుమ్మంలో నిలబడి, మంచం మీద మడిచిపెట్టిన గలీబును చూసి, వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. రోజూ వినిపించే కుట్టుమిషను చప్పుడు ఆ సాయంత్రం వినిపించలేదు. చాయ్ గ్లాసు కోడలి మొహం చూడకుండా పెట్టి పోయింది.

ఇక ఉండబట్టక అనూహ్య వంటింట్లోకి వెళ్లింది. "అత్తమ్మా, ఒక్కసారి రాండ్రి." చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, ఆ చేతిని గలీబుతోనే నడుస్తున్న డబ్బా వెనకాల పెట్టింది.

"అమ్మో, ఇంత ఉడుకా?"

"లోపలి ఫ్యాను వేడిని బయటికి తోస్తది. గలీబు తొడిగితే ఆ గాలి పోతలేదు."

"మరి మళ్ల ఎందుకు తొడుగుతున్నవ్?"

"మీరు కండ్లు గుంజేటట్టు కుట్టిన్రు. ఎట్ల చెప్పాలె?"

సుగుణ మంచం మీద కూలబడింది. నవ్వింది, కళ్లు మాత్రం తడిగా ఉన్నాయి. "నేను ఈ ఇంటికొచ్చినప్పుడు మా అత్త చాయల ఇలాచి ఏసేది. నాకు ఆ వాసనే పడది. కోడలు ఇష్టంగ తాగుతుందని ఇంక రెండెక్కువ ఏసేది. ఆమె పోయేదాక, ఇరవై రెండేండ్లు తాగిన. నువ్వట్ల చెయ్యకు బిడ్డా. పనైనంక, స్విచ్చు బందు చేసి సల్లారినంక తొడుక్కో. నడిచేటప్పుడు వద్దు."

అనూహ్య ఆమె పక్కన కూర్చుంది. "అయితే ఇంకోటి చెప్పాల్నా అత్తమ్మా?"

"చెప్పు."

"మీ పచ్చిపులుసుల ఉప్పు జర ఎక్కువైతది."

సుగుణ పకపకా నవ్వేసింది. "ఓ అనూ, మీ మామ ముప్పై ఏండ్ల సంది తింటుండు, ఒక్కనాడు చెప్పలే! రేపు నువ్వే చెయ్యి, ఎట్లుంటదో చూస్త."

తర్వాత లేచి వెళ్లలేదు. తెరమీద ఎవరిదో ఇల్లు గోడ తర్వాత గోడ రంగు వేసుకుంటుంటే, అది పూర్తయ్యేదాకా కోడలి పక్కనే కూర్చుంది.