తోఫు గెన్ కొన్న యుద్ధజెండా

తొకియె కొట్టుకు వచ్చేవాళ్లలో సగం మంది చంకలో ఒక పాత ఫోటో పెట్టుకుని వస్తారు. అందులో ఎవరో తాత నల్లకోటు తొడుక్కుని, గుండెల మీద ఇంటి ముద్రతో, పెళ్లినాటి బిగుసుకుపోయిన ముఖంతో నిలబడి ఉంటాడు. సరిగ్గా ఆ ముద్రే ఉన్న సమురాయ్ యోధుల జెండా కావాలంటారు. జపాన్‌లోని మత్సుయె ఊళ్లో, కోటవీధిలో పాత జెండాలు సేకరించి అమ్మే కొట్టు తొకియెదొక్కటే. వీపున కట్టుకుని యుద్ధానికి వెళ్లినవి, గుడారం ముందు పాతినవి, చిమ్మటలు తిన్నవి, చిమ్మటలు కూడా వద్దని వదిలేసినవి, అన్నీ ఉన్నాయి. ముద్ర చూసి వంశం చెప్పడంలో ఆమె పెట్టింది పేరు. తెలిసింది చెప్పకుండా ఊరుకోవడం మాత్రం ఆమెకు చేతకాదు. ఆ ఏప్రిల్లో ఒక్కసారి ఊరుకుంది.

ఆ రోజు ఫోటోతో పరుగెత్తుకొచ్చింది పక్కకొట్టు గెన్‌కిచి. సోయాపాలతో తోఫు చేసి అమ్ముతాడు కాబట్టి ఊరంతటికీ తోఫు గెన్. తడి ఏప్రన్ కూడా విప్పలేదు.

"చూడు తొకియె సాన్, మా నాన్న పెళ్లి ఫోటో! అటక మీద దొరికింది. గుండె మీద చూడు, మూడాకులు, పైన మూడు పూగుత్తులు. నీ అద్దాల బీరువాలో వేలాడే ఎర్రజెండా మీద ఉన్నదేంటి మరి?"

"అదే. కానీ..."

"కానీ లేదు, గీనీ లేదు! మేమూ సమురాయ్‌లమే. ఇన్నాళ్లూ సోయా గింజలు రుబ్బుకుంటూ కూర్చున్నాం, మాకే తెలీదు!"

తొకియెకు ఒక్క చూపుతో సంగతి అర్థమైపోయింది. అది కిరి చెట్టు ముద్ర. ఎవరు వేసుకున్నా తప్పు పట్టని ముద్ర అదొక్కటే కాబట్టి, అద్దెబట్టల కొట్లవాళ్లు కోట్లన్నిటి మీదా దాన్నే వేయిస్తారు. సొంత ముద్ర లేనివాళ్లూ, ముద్ర ఉండి కోటు లేనివాళ్లూ ఆ ముద్రతోనే పెళ్లికొడుకులయ్యారు. పైగా ఫోటోలో గెన్ నాన్న వేళ్లు కూడా కనబడడం లేదు, కోటు చేతులు అంత పొడుగు.

చెప్పేదే. నోటిదాకా వచ్చింది కూడా. కానీ గెన్ గొంతు తగ్గించాడు.

"వచ్చేనెల అయిదున మగపిల్లల పండుగ కదా. మనవడికి మొదటి పండుగ. కోడలి పుట్టింటివాళ్లు ఆచారం ప్రకారం బొమ్మ శిరస్త్రాణం పంపారు. అసాయమవాళ్లు, కోటలో కొలువు చేసిన అసలు సమురాయ్‌లు. దాని నుదుటి మీద వాళ్ల ముద్ర తళతళా మెరుస్తోంది. పక్కన మా వైపు నుంచి ఏం పెట్టను? తోఫు బకెట్టా?"

అతని కళ్లు చెమర్చాయి. తొకియె చెప్పబోయింది మింగేసి, బీరువా తెరిచి, జెండా దించి, మెత్తటి కాగితంలో చుట్టి అమ్మేసింది.

ఇక గెన్‌ని పట్టడం ఎవరి తరం? వీధి వీధంతా చాటాడు. చేపల కొట్టాయన "దొరగారూ, కత్తి ఎక్కడ?" అని ఆటపట్టిస్తే, "అదీ దొరుకుతుందిలే" అన్నాడు. నిజం చెప్పేద్దామని తొకియె బయల్దేరడం, ఆ ముఖం చూసి తోఫు కొనుక్కుని తిరిగి రావడం. మనిషి లోపల్లోపలే కుమిలిపోయింది. నేడో రేపో ముద్రల సంగతి తెలిసినవాడెవడో చూసి నవ్వుతాడు, ఆ నవ్వును గెన్ తట్టుకోలేడు.

పండుగరోజు గెన్ ఇంటి ముందుగదిలో గోడ వారగా వెదురుకర్రకు జెండా వేలాడుతోంది. దాని కింద శిరస్త్రాణం, దాని ముందు నోట్లో పిడికిలి పెట్టుకుని పసివాడు. ఓక్ ఆకుల్లో చుట్టిన బియ్యప్పిండి మోచీలు చేతులు మారుతున్నాయి. పిలుపు అందుకున్న తొకియె ఒక మూల కూర్చుంది. కోడలి తల్లిదండ్రులు అసాయమ దంపతులు వచ్చారు. ఆయన సన్నగా, పొడుగ్గా, మాట పొదుపుగా ఉండే మనిషి. జెండా ముందు మోకాళ్ల మీద కూర్చుని చాలాసేపు చూశాడు.

"మంచి జెండా. మీ ఇంటి ముద్రేనా?"

"అవునండీ! ఉండండి, ఫోటో తెస్తాను."

ఫోటో వచ్చింది. అసాయమ కళ్లజోడు పెట్టుకున్నాడు. తొకియె ముందుకు జరిగింది. వియ్యంకుడి నోట ఆ మాట వస్తే గెన్ ఇక ఈ వీధిలో తలెత్తుకోలేడు. వచ్చేదేదో తన నోటే రావాలి.

"ఆగండి! గెన్ సాన్, అది అద్దెకోటు ముద్ర. ఫోటో చూసిన రోజే నాకు తెలుసు. తెలిసీ జెండా అమ్మాను. తప్పు నాది, నన్ను తిట్టు" అంటూ చాప మీద నుదురు ఆనించి వంగింది.

గెన్ చెవులు ఎర్రబడ్డాయి.

"అద్దెదా?" అన్నాడు చిన్నగా.

అసాయమ భుజాలు అదరసాగాయి. కోపమేమో అనుకున్నారు అందరూ. తీరా చూస్తే ఆయన నవ్వు ఆపుకోలేక అవస్థ పడుతున్నాడు.

"ఇది వంతెన పక్క అద్దెబట్టల కొట్టుదే కదూ? అప్పట్లో ఊరికి అదొక్కటే కొట్టు, దాంట్లో ఇదొక్కటే కోటు. మా నాన్న పెళ్లి కూడా ఇందులోనే అయింది."

"మీరా? మీరు సమురాయ్‌లు కదండీ!"

"అందుకే కదండీ అద్దెకు తెచ్చుకుంది! కొలువులు పోయాక మా తాత ముద్రలున్న బట్టలన్నీ అమ్మి బియ్యం తెచ్చాడు. మా నాన్నేమో ఆరడుగుల మనిషి. చేతులు మోచేతుల దాకా బయటికొచ్చేశాయి. వెనక్కి పెట్టుకోవయ్యా అని ఫోటో తీసేవాడు మొత్తుకున్నాడట."

అసాయమ భార్య చేతిలోని మోచీ కింద పెట్టేసింది. "ఆ ఫోటో గోడకు పెట్టనివ్వనిది ఇందుకా? ఇన్నేళ్లు కాపురం చేశాను, ఒక్క ముక్కయినా చెప్పారా?"

దాంతో ఇల్లంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. పసివాడు ఉలిక్కిపడి ఏడుపు అందుకున్నాడు. గెన్ కూడా కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వి నవ్వి తొకియె వైపు తిరిగేసరికి ముఖంలో నవ్వు లేదు.

"నాకు ఆ రోజే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది. జెండా వెనక్కి తీసుకుంటాను" అంటూ ఆమె లేచి తాడు విప్పబోయింది.

గెన్ వెదురుకర్ర పట్టుకున్నాడు. "ముట్టుకోకు. ఇంతకీ ఇదెవరిది? ఈసారైనా నిజం చెప్పు."

"తెలీదు గెన్ సాన్. ఈ ముద్ర లెక్కలేనంత మంది పెట్టుకున్నారు. దీనితో యుద్ధానికి వెళ్లినవాడు ఎవరో, తిరిగొచ్చాడో లేదో కూడా తెలీదు."

గెన్ జెండా కేసి చూశాడు. మనవణ్ణి ఎత్తుకుని భుజాన వేసుకున్నాడు.

"అయితే పాపం, దీన్ని రమ్మనే ఇల్లు లేదన్నమాట. ఇక్కడే ఉంటుందిలే" అన్నాడు.

"వీడు పెద్దయ్యాక, తాతా, ఇది మనదేనా అని అడిగితే?" అన్నాడు అసాయమ.

"కాదనే చెబుతా. మీ ముత్తాతలిద్దరూ ఒకే కోటులో పెళ్లికొడుకులయ్యార్రా, అది మనది అని చెబుతా. ఏం తొకియె సాన్, ఈ మాట అబద్ధం కాదుగా?"

"కాదు గెన్ సాన్, పచ్చినిజం" అంది తొకియె కళ్లు తుడుచుకుంటూ.