ఎల్లక్క కదిలిన ఫొటో

ఆదయ్యకు భార్య మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే. పెళ్లయి ముప్పై ఆరేళ్లయినా ఎల్లక్క ఫొటోకు కుదురుగా నిలబడటం నేర్చుకోలేదు. సాక్ష్యం ఇంటి ముందుగదిలో ఉన్న అతని ఫొటో స్టూడియో గోడకే వేలాడుతోంది. ప్రాణహిత ఒడ్డున తీసిన ఆ ఫొటోలో వెనకున్న తాటిచెట్లను మట్టకు మట్ట లెక్కపెట్టవచ్చు. ముందున్న ఎల్లక్క మాత్రం ఉత్త పొగ.

"కదిలింది" అని వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు. సిరొంచలో సగం మందిని పాస్‌పోర్టు సైజులోకి దించినవాడు చెబితే కాదనేదెవరు?

ఇవాళ అతని చేతిలో ఉన్నది ఆ ఫొటో తీసిన రీలు కెమెరాయే. తనంతట తానే ఫోకస్ పట్టుకునే రకం. నాగ్‌పూర్‌లో చదివే తమ్ముడి కూతురు ప్రతిభ ముచ్చటపడితే కిందటి నెల ఇచ్చేశాడు. ఇప్పుడు వాపసు తెచ్చింది.

"అంకిస కాడ గోదారిని తీద్దామంటే పట్టుకుంటలేదు పెదబాపు. లెన్సు ముందటికీ ఎనుకకూ ఉరుకుతది, ఆగది. నాగ్‌పూర్ మెకానిక్ ఇగ పనికిరాదన్నడు. నీ కాడనే ఉంచుకో."

ఇచ్చిన కానుక తిరిగి రావడం ఆదయ్యకు చెంపదెబ్బలా తగిలింది. ఆమె బస్సు మూడింటికి. ఆలోపు రోగమేదో తేల్చాలి.

కెమెరాలో కొత్త బ్యాటరీ సెల్లు వేశాడు. జూమ్ లెన్సు విప్పి, దాని వెనక కెమెరా నుంచి కరెంటు అందుకునే ఇత్తడి చుక్కలను పెన్సిలు రబ్బరుతో తుడిచాడు. పెరట్లో దండెం మీద పొడవునా ఆరేసిన చీర కింది అంచుకు గురిపెట్టాడు. లెన్సు ముందుకూ వెనక్కూ జుర్రు, జుర్రు. తన దగ్గరున్న రెండో జూమ్ లెన్సు బిగించాడు. అదే జుర్రు. రెండూ ఒక్కసారే చెడవు కదా! తలుపు చౌకట్టుకు గురిపెట్టాడు. టిక్కున పట్టింది. మళ్లీ చీర అంచు. మళ్లీ జుర్రు.

"ఆ డబ్బను పాతసామానోనికెయ్యరాదు? అన్నం సల్లారవట్టె" అంది ఎల్లక్క వంటింట్లోంచి.

విసుగులో, చేతి అలవాటుకొద్దీ, కెమెరాను నిలువుగా తిప్పాడు. పాస్‌పోర్టు ఫొటోకు పట్టుకున్నట్టు. అంచు టిక్కున పట్టింది.

ఆదయ్య అట్లాగే ఆగిపోయాడు. అడ్డంగా పట్టుకుంటే దీనికి నిలువు గీతలే కనబడతాయి. పడుకున్న గీత కనబడదు. గోదారంతా పడుకున్న గీతే. గిరాకీలందరినీ నిలువుగానే తీశాడు గనక ఇన్నేళ్లూ ఈ సంగతి తెలియలేదు. నది కూడా రావాలని అడ్డంగా పట్టి తీసింది ఒక్క మనిషినే.

"చెడిపోలే బిడ్డా. జర నిలువు తిప్పి బటను సగం నొక్కు. ఏలు తియ్యకుండ మళ్ల అడ్డం తిప్పి తియ్యి."

ప్రతిభ నాలుగైదుసార్లు చేసి చూసింది. నాలుగైదుసార్లూ పట్టింది.

"మెకానిక్‌ను నీ కాడికి ట్యూషన్‌కు తోలాలె పెదబాపు!"

ఆదయ్య మీసం సవరించుకున్నాడు. మూడింటికి కెమెరా ఆమె మెడలో వేలాడుతూ బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆదయ్య బస్సు కాడి నుంచి తిరిగొచ్చి గోడ ముందు నిలబడ్డాడు. తాటిచెట్లు నిలువు. ఎల్లక్క కనురెప్పలు, పెదవులు అడ్డం. కెమెరా చెట్లను పట్టి ఆమెను వదిలేసింది.

"నువ్వు కదలలే" అన్నాడు ఎల్లక్కతో. "తప్పు నాదే."

"గట్టిగ చెప్పు. పక్క హోటలోళ్లకు ఇనవడలే."

"తప్పు నాదే!"

గోడ మీద, తాటిచెట్ల ముందు, ముప్పై ఏళ్లుగా కదలకుండా నిలబడ్డ పొగ.