కూనిరాగం తీసే పళ్లేలు

పొద్దున్నే మోచేతులదాకా కడుక్కుని, తెల్లకోటు తొడుక్కుని, పళ్లేలక్క మొదట చేసే పని పెట్టె తలుపుకు చెవి ఆనించడం. కాన్పుల ఆసుపత్రి వెనక ల్యాబులో, ఒంటి వేడితో ఉండే ఆ పెట్టెలో ఎనిమిది గాజుపళ్లేలు ఉంటాయి. వాటిలో మావి కణాలు, అంటే కడుపులో బిడ్డను తల్లికి అతికించే మాయ తాలూకు కణాలు పెరుగుతాయి. బాగున్నంతసేపూ అవి కూనిరాగం తీస్తాయి. రాగం వినబడితే రిజిస్టరులో రాసి, వాటి పాత మేతనీళ్లు తీసి కొత్తవి పోస్తుంది. ఇరవై ఏళ్లుగా అదే పని కాబట్టి అసలు పేరు అందరూ మరిచిపోయారు.

ఆ కణాల పని చిన్నదేం కాదు. బిడ్డ ఆవగింజంత ఉన్నప్పుడే తల్లి గర్భసంచి గోడలోకి వేళ్లు దించి, నెత్తురుకు దారి చేసేవి అవే. వీధి మూలల్లో పట్టిన పొగ, కాలువ నీళ్లు, గోడల రంగు, ఏది చుక్క తగిలినా వాటి రాగం తగ్గుతుంది, వేళ్లు దించడం మరిచిపోతాయి. ఏది ఎంత తగ్గించిందో రాయడమే అక్కడి ఉద్యోగం. పళ్లేలక్కకు అదంటే పిచ్చి. బస్సులో పక్కమనిషి భుజం మీద దుమ్ము చూసినా, దీనికి మనవాళ్లేమంటారో అనుకునే రకం.

ఇంటి సంగతే ఆమెకు అంతుపట్టలేదు. చెల్లెలికి రెండుసార్లు కడుపొచ్చి, రెండుసార్లూ పదోవారం దాటకుండానే పోయింది. ఇప్పుడు మూడోసారి, ఏడోవారం. "కాలు ఒకచోట నిలవదు, కడుపేం నిలుస్తుంది?" అని చెల్లెలి అత్తగారు వచ్చినవాళ్లందరికీ చెబుతోంది. చెల్లెలూ అదే నమ్మేసింది. కూర్చుని చేసే పనేగా అని, మొగుడి బట్టలుతకడం తప్ప తిరిగే పనులన్నీ మానేసింది.

ఒకరోజు పళ్లేలక్క చెల్లెలింటి నుంచే పనికొచ్చింది. మధ్యాహ్నానికని చెల్లెలు అన్నం డబ్బా పాతగుడ్డలో మూటకట్టి ఇచ్చింది. తొందరలో ఆ మూట పెట్టె మీదే పెట్టేసింది. అక్కడ పెన్ను పెట్టినా అందరినీ కసిరే మనిషి! ఎనిమిది పళ్లేలూ మూగబోయాయి.

ఇంకొకరైతే గుండెలు బాదుకునేవాళ్లు. ఆమె మూట దించి, రాగం తిరిగొచ్చేదాకా ఆగి, డబ్బా ఒక్కటే పెట్టి చూసింది. పాడుతున్నాయి. మూత తీసి పెట్టింది. పాడుతున్నాయి. గుడ్డ పెట్టింది. చప్పుడు లేదు.

"ఏం గుడ్డ అది?" అంది ల్యాబు చూసే డాక్టరమ్మ కాగితాల్లోంచి తలెత్తకుండానే.

"మా చెల్లెలి మొగుడి పాత చొక్కా చింపిందండి."

"అతనేం చేస్తాడు?"

"పాత బ్యాటరీలు పగలగొట్టి సీసం తీసే షెడ్డులో పని."

డాక్టరమ్మ అప్పుడు తలెత్తింది. "చొక్కాతోనే రమ్మను. పళ్లేలు పోతే పోనీ."

మర్నాడు మరిది పనిమధ్యలో వచ్చి పెట్టె పక్కన నిలబడ్డాడు. "ఏంటి వదినా, ఏమీ వినబడ్డం లేదే?"

"నువ్వు రాకముందు వినబడింది."

అతను వంగి తన చొక్కా కేసి చూసుకున్నాడు. రోజూ గుమ్మంలోనే అతని చొక్కా విప్పించుకుని, దులిపి, బకెట్లో నానబెట్టేది పెళ్లామే.

"నేను మోసుకొచ్చానా?"

"తెలీక తెచ్చావు. ముందు ఆ చొక్కా బయట విప్పిరా."

సబ్బుతో కడుక్కుని, ఆసుపత్రి కోటు తొడుక్కుని వచ్చాడు. ఇద్దరూ ఎదురుచూశారు. ముప్పావుగంటకు ఒక పళ్లెం సన్నగా అందుకుంది. సాయంత్రానికి ఆరు పాడాయి. రెండు మాత్రం పాడలేదు. అతను ఆ రెంటినే చూస్తూ ఉండిపోయాడు. పళ్లేలక్కకూ ఏడుపొచ్చింది.

ఇంటికెళ్లి తల్లితో ఒకటే మాటన్నాడు. "దాని కాళ్లనేం అనకమ్మా. తప్పు నా చొక్కాది." ఆ రోజునుంచి స్నానం షెడ్డులోనే, పనిబట్టలు అక్కడే. "పెళ్లికొడుకు ముస్తాబవుతున్నాడు" అని తోటివాళ్లు ఏడిపించినా పట్టించుకోలేదు. ఇల్లంతా తడిగుడ్డతో తనే తుడిచాడు. డాక్టరమ్మ చెల్లెలి నెత్తురు పరీక్షించి, "ఒంట్లో చేరిన సీసం ఇప్పట్లో పోదు. కొత్తది చేరకుండా చూసుకోండి, అంతే" అంది. ఎవరికీ ధీమా లేదు. వారాలు లెక్కపెట్టుకుంటూ ఉన్నారు.

పన్నెండోవారంలో చెల్లెలు నడుచుకుంటూ ల్యాబుకొచ్చింది. "ఏరక్కా నీ పాటగాళ్లు?" అంటూ స్టూలు లాక్కుని పెట్టె పక్కన కూర్చుంది. మూగవాటిని ఎప్పుడో తీసేశారు, లోపల ఆరే ఉన్నాయి.

పళ్లేలక్క కళ్లు మూసుకుని గొంతులు లెక్కపెట్టింది. తలుపు తెరిచి పళ్లేలు లెక్కపెట్టింది. మళ్లీ గొంతులు లెక్కపెట్టింది. ఏడు. ఏడోది పెట్టెలోంచి కాదు, స్టూలు వైపునుంచి వస్తోంది.

"ఏమైందక్కా?" అంది చెల్లెలు భయంగా.

"ఏం లేదే. ఇంకాసేపు కూర్చో."