సెన్సారు మోసిన నింద

నేను ఒక ఆక్సిజన్ సెన్సారును. ఎక్కడో ఫ్యాక్టరీలో పింగాణీ, ప్లాటినం కలిపి నన్ను చేశారు. పొగగొట్టంలో ముక్కు దూర్చి, పెట్రోలు సరిగ్గా మండుతోందో లేదో పసిగట్టి, తీగ ద్వారా ఇంజిన్ కంప్యూటరుకు చెప్పడం నా పని. ముగ్గురు యజమానులు మారాక నా కారు పాడేరు సన్యాసిరావు చేతికి వచ్చింది.

సన్యాసిరావు అక్క నూకరత్నానికి మూత్రపిండాలు పాడై, వారానికి రెండుసార్లు విశాఖలో డయాలసిస్ చేయించాలి. కిందటిసారి వంతు కారు వల్లే తప్పింది. నల్లపొగ కక్కి ఘాట్ మలుపులో ఆగిపోయింది. ఈ రోజు వంతు పదకొండు గంటలకు. కాళ్లు వాచిపోయి, ఆయాసపడుతూ ఆమె మెకానిక్ షెడ్డు బయట కుర్చీలో కూర్చుంది.

మెకానిక్ గౌరునాయుడు స్కానరు పెడితే నా పేరు వచ్చింది. మనుషులకు ఒక పేరు దొరికితే చాలు, విచారణ అయిపోయినట్టే. నన్ను ఊడబెరికి కొత్తదాన్ని బిగించాడు. మళ్లీ అదే పొగ. అప్పటికే ఏడున్నర దాటింది.

“ఏటి బావా, కొత్తది ఎట్టినా ఇదే పొగ?” సన్యాసిరావు గడియారం చూసుకున్నాడు.

బల్ల మీద పడి ఉన్న నాకు ఒళ్లు మండిపోయింది. గౌరునాయుడు ఈసారి మీటరు తీసి తీగను సెన్సారు వైపు కొలిచాడు. కబురు బాగానే బయలుదేరుతోంది. కంప్యూటరు వైపు కొలిస్తే ఏమీ లేదు. అక్కడి ప్లగ్గు ఊడదీశాడు. లోపల పిన్నుకు పచ్చటి చిలుము, దాని మీద ఎండిన కుంకుమ. కబురు అందక, పెట్రోలు చాలడం లేదనుకుని కంప్యూటరు ఇంకా ఇంకా పోయిస్తోంది.

“ఇంజిను మీద నీల్లెవులు పోసార్రా?”

సన్యాసిరావు బయట కూర్చున్న అక్క వైపు చూసి గొంతు తగ్గించాడు. “అప్పే. దసరా పూజకి. ‘నా పేణం మోస్తన్న బండిరా’ అని నాలుగు బిందెలు పోసి, మూతలిప్పి మరీ బొట్లెట్టింది. అప్పకి సెప్పకు బావా. తన సేత్తో పాడయిందని తెలిస్తే ఇంక బండెక్కదు.”

గౌరునాయుడు చిలుము గీకి, ప్లగ్గు తుడిచి ఆరబెట్టి బిగించాడు. ఇంజిన్ పొగ లేకుండా నిలకడగా తిరిగింది. నాకు ప్రాణం లేచివచ్చింది.

కారెక్కుతూ నూకరత్నం అడిగింది: “ఏటయింది బండికి?”

గౌరునాయుడు నన్ను తీసి ఆమెకు చూపించాడు. “ఇదిగో వదినా, ఇదే సెడిపోనాది.”

“పాపం, ముసిల్దయిపోనాదేమో,” అని ఆమె నన్ను వేలితో నిమిరింది.

కారు ఘాట్ దిగిపోయింది. నన్ను తుక్కు డబ్బాలో వేశారు. ఎవరైనా అడిగితే, చెడిపోయింది నేనే అని చెబుతాను.