మా ఊళ్ళో మొదటి విమోచన దినం

మార్చి ముప్పైని ప్రభుత్వం సెలవు దినంగా ప్రకటించాక మా దీవిలో మొరూగా రోడ్డు పొడవునా అదే మాట. గట్టిగా అరిచి ప్రార్థన చేస్తారని మా క్రైస్తవ సంఘాన్ని ఒకప్పుడు ముప్పై నాలుగేళ్ళపాటు చట్టం నిషేధించింది. గంట మోగించినా, తలకు గుడ్డ కట్టుకుని పాడినా జైలే. ఆ చట్టం రద్దయిన రోజు ఇన్నాళ్ళకు, 1996లో, సెలవైంది.

"రద్దు చేశాక సెలవివ్వడానికి నలభై అయిదేళ్ళు పట్టింది. ఇచ్చిందీ శనివారం పడింది, చూశావా!" అన్నాడు చేపలమ్మే హెస్టన్.

"ఏ వారమైతే నీకేంటి? పని చేసే మొహమా అది?" అంది అతని భార్య.

మా నాన్నమ్మ యూఫీమియాను సంఘంలో అందరూ మదర్ అంటారు. నిషేధం రోజుల్లో పోలీసుల దాడిని చూసినవాళ్ళలో మిగిలింది ఆమె ఒక్కతే. సెలవు రోజు ఆరాధనలో సాక్ష్యం చెప్పమని చర్చి అయ్యగారు అడిగారు. ఆమెకు చదువు రాదు. ఆమె చెబుతుంటే నేను రెండు పేజీలు రాశాను. ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. 1935లో కోకో తోటలో దాక్కుని ప్రార్థన చేస్తున్న పదకొండుమందిని పోలీసులు పట్టుకుపోయారు. వాళ్ళలో ఉన్న నాన్నమ్మ వాళ్ళమ్మ అప్పుడు నిండు గర్భిణి. జైల్లోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. తోట దారి పోలీసులకు చూపించింది మా సంఘంవాడే, అల్ఫాన్సో. ఆ తరవాత అతను బతికినన్నాళ్ళూ ఊళ్ళో ఎవరూ అతని ఇంట మంచినీళ్ళు ముట్టలేదు. ఇప్పుడు అతని కూతురు క్లోటిల్డ్ అత్త ఇంట కూడా ముట్టరు.

శుక్రవారం పొద్దున కుళాయి దగ్గర ఆమె నా బకెట్ పక్కన తన బకెట్ పెట్టింది.

"రేపటి కాగితం నువ్వే రాశావటగా. అందులో మా నాన్న పేరు తీసెయ్యమ్మా."

నేను నా బకెట్ కుళాయి కిందికి జరిపాను.

"కథంతా చెప్పుకోండి, నేనొద్దనను. ఎవడో ఒకడు చెప్పాడు అనండి చాలు. నా మనవలొస్తున్నారు. వాళ్ళకింకా తెలీదు."

ఇంటికి వచ్చి ఆ మాట చెప్పాను. నాన్నమ్మ తెల్ల గౌను ఇస్త్రీ చేసుకుంటోంది. ఇస్త్రీ అయిన మడత మీదే మళ్ళీ పెట్టె నడిపింది.

"రాసింది రాసినట్టుండనీ," అంది.

శనివారం చర్చి నిండిపోయి జనం కిటికీల బయట నిలబడ్డారు. అయ్యగారు నాలుగు మూలలా గంట మోగించారు. నాన్నమ్మ లేచింది. నేను పక్కన నిలబడి కాగితం చూస్తూ ఒక్కో వాక్యం అందిస్తుంటే ఆమె పైకి చెబుతోంది. అల్ఫాన్సో పేరు దగ్గరికి వచ్చాం. వెనక బెంచీలో క్లోటిల్డ్ అత్త మనవరాలి జడ సవరిస్తోంది. ఆ పేరు నేను అందించలేదు.

నాన్నమ్మ నా వైపు చూడలేదు. "తోట చూపించింది నేను," అంది.

ముసలావిడ తడబడిందనుకుని ఎవరో నవ్వారు.

"మదర్, కాసేపు కూర్చోండి," అన్నారు అయ్యగారు.

"కూర్చోను అయ్యగారూ. నాకప్పుడు తొమ్మిదేళ్ళు. మలుపు దగ్గర నన్ను కాపలా పెట్టారు. పోలీసు కనబడితే ఆవు తప్పిపోయిందని కేకెయ్యాలి. పోలీసాయన సైకిల్ దిగి, 'మీ అమ్మేదే పాపా' అన్నాడు. వేలెత్తి చూపించాను. జైలు నుంచి అమ్మ వట్టి చేతుల్తో వచ్చింది. 'ఎవరు చెప్పారే' అనడిగింది. ఆ రోజు ప్రార్థనకు రానిది అల్ఫాన్సో ఒక్కడే. ఆ పేరే నోటికొచ్చింది."

విసనకర్రలు ఆగిపోయాయి. నా చేతిలో కాగితం ఉంది. అందులో 'ద్రోహి' అని నా దస్తూరీలోనే ఉంది. ఆ మాట నాన్నమ్మే చెప్పి రాయించింది. నాలుగు రోజుల క్రితం, తాపీగా, టీ తాగుతూ.

క్లోటిల్డ్ అత్త బెంచీల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది. ఏడవడం లేదు.

"మా నాన్న పోయినప్పుడు వచ్చావు. నా తల నిమిరావు. దేవుడు మీ నాన్నను క్షమిస్తాడులే అన్నావు. అన్నావా, లేదా?"

"అన్నాను."

"ఎలా వచ్చిందమ్మా నీకు ఆ నోరు?"

అయ్యగారు ఏదో అనబోయారు.

"మీరుండండి అయ్యగారూ. మదర్, నాకు చెబితే కాదు. పద, మా నాన్న సమాధి దగ్గర చెబుదువుగాని. ఈరోజు సెలవేగా, ఎవరికీ పన్లేదు, అందరూ రండి. గట్టిగా అరిచి చెప్పు. ఇప్పుడు పోలీసులు రార్లే!"

గుమ్మం దగ్గర నాన్నమ్మ అలవాటుగా నా భుజం కోసం చెయ్యి చాచింది. నేను పక్కకు జరిగాను. ఎందుకు జరిగానో అప్పుడు తెలియలేదు, కాళ్ళే జరిగాయి. హెస్టన్ భార్య వచ్చి ఆమెను పట్టుకుంది. తెల్లబట్టల్లో ఊరంతా సమాధుల వైపు నడిచింది. ఒక్కరూ పాట ఎత్తుకోలేదు.

అల్ఫాన్సో సమాధి మీద గడ్డి ఏపుగా పెరిగి ఉంది. నాన్నమ్మ మోకరించి, తోట చూపించింది తనేనని చెప్పింది.

"వినబళ్ళేదు," అంది క్లోటిల్డ్ అత్త.

నాన్నమ్మ మళ్ళీ చెప్పింది.

"రోడ్డు మీదకి వినబడాలి."

నాన్నమ్మ తలగుడ్డ ఊడి భుజం మీద పడింది. మూడోసారి అరిచింది. ఆ గొంతు ఆమెకుందని నాకు తెలియదు. క్లోటిల్డ్ అత్త ఇంకా తల ఊపలేదు.