రెండోసారి చూసే గడి

ఆఫీసులో ఆమెను అందరూ బాణాలమ్మ అంటారు. ఎదురుగా అంటే ఊరుకోదు గనుక వెనకాల అంటారు. పొద్దస్తమానం తెర మీద గడులూ బాణాలూ చూస్తూ కూర్చుంటుందని ఆ పేరు. మనుషులు రాసిన ప్రోగ్రాంను మిషన్‌ను నడిపే అంకెల్లోకి మార్చే కంపైలర్ తయారుచేయడం ఆమె ఉద్యోగం. ఆ కంపైలర్ ఏ ప్రోగ్రాం చేతికొచ్చినా ముందు దాన్ని పటంగా గీసుకుంటుంది. ఒక్కో పనికి ఒక గడి, ఆ పని అయ్యాక ఎటు వెళ్ళాలో చెప్పే బాణం. ఆ తర్వాత పటం మీద పడి, ఎవరూ వెళ్ళని దారుల్నీ చెప్పిందే చెప్పే గడుల్నీ నిర్దాక్షిణ్యంగా కొట్టేస్తుంది. పటం ఎలా ఉండాలో నిర్ణయించింది బాణాలమ్మే. ఇంట్లోనూ ఆమెది అదే వరస. అక్క ఒక మాట రెండోసారి చెబితే చాలు, "మొదటిసారే విన్నాను" అని కసురుకుంటుంది.

ఆమె అక్కాబావల ఇంట్లోనే ఉంటోంది. ఆ ఉదయం టీ తాగుతూ బావ హుషారుగా మొదలుపెట్టాడు.

"మరదలా, నీ పుణ్యమా అని మా ప్రెస్సు పరుగులు పెడుతోంది! నిన్ననే ఎక్కించారు నీ కొత్త సరుకు. మా సూపర్‌వైజర్ మొహం చూడాలి, చాటంత అయింది."

బావ రేకులు వంచే ఫ్యాక్టరీలో ప్రెస్సు నడుపుతాడు. ఇనప దిమ్మ కింద రేకు పెట్టాలి, దిమ్మ దిగి వంచాక తియ్యాలి. మరదలి కంపెనీ కంపైలర్ కొనమని సూపర్‌వైజర్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది కూడా ఆయనే. ప్రెస్సును నడిపే ప్రోగ్రాంను ఇప్పుడు అంకెల్లోకి మార్చేది ఆ కంపైలరే.

"పరుగులు సరే, చెయ్యి జాగ్రత్త," అంది అక్క. "దిమ్మ దిగుతుంటే రేకు సర్దే అలవాటు మీరు మానరు కదా."

"ఇన్నేళ్ళ నుంచీ సర్దుతున్నానే! చెయ్యి అడ్డొస్తే దిమ్మ ముందున్న లైటు కనిపెడుతుంది, దిమ్మ ఠక్కున ఆగుతుంది. ఆ మిషన్‌కి నా చెయ్యంటే మొహమాటం," అని బావ పకపకా నవ్వాడు. మరదలు కూడా నవ్వింది.

ఆఫీసులో కూర్చున్నాక ఆ 'పరుగులు' అన్న మాట ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు. కాస్త వేగం పెరుగుతుందని ఆమెకు తెలుసు. కానీ పరుగులు పెట్టేంత? ప్రోగ్రాంలోంచి ఏం పోతే అంత తేలికవుతుంది? ఫ్యాక్టరీవాళ్ళు పంపిన ప్రెస్సు ప్రోగ్రాం తీసి, కొట్టివేతకు ముందు పటాన్నీ తర్వాతి పటాన్నీ పక్కపక్కన పెట్టుకుంది.

ముందు పటంలో అంతా ఉంది. చెయ్యి అడ్డముందేమో చూడు. లేకపోతే దిమ్మను సగం దించు. మళ్ళీ చూడు. అడ్డముంటే ఆపు, లేకపోతే పూర్తిగా దించు.

తర్వాతి పటంలో రెండోసారి చూసే గడి లేదు. ఆపే గడీ లేదు. ఒక్కసారి చూసి, దిమ్మను అమాంతం దించెయ్యడమే.

కంపైలర్ ఏమనుకుందో ఆమెకు క్షణంలో అర్థమైంది. మొదటి చూపుకూ రెండో చూపుకూ మధ్య ఈ ప్రోగ్రాం ఆ లైటు జోలికి పోలేదు, కాబట్టి జవాబు మారదు, కాబట్టి రెండో చూపు దండగ. పటంలో తప్పేమీ లేదు. పటంలో బావ చెయ్యే లేదు.

ప్రోగ్రాం రాసినవాడు మాత్రం చెయ్యిని మర్చిపోలేదు. 'ఈ విలువ బయటి నుంచి మారుతుంది, ప్రతిసారీ కొత్తగా చూడాలి' అని లైటు చెప్పే విలువ పక్కన గుర్తు పెట్టాడు. కొత్త పటంలో ఆ గుర్తుకు చోటు ఇవ్వనిది బాణాలమ్మ. గడి బరువెక్కుతుందని పక్కన పెట్టి, తర్వాత చేర్చుదాంలే అనుకుని, ఆ సంగతే మర్చిపోయింది.

బావకు ఫోన్ చేసింది. పనివేళల్లో ఆయన ఫోన్ లాకర్లో ఉంటుంది. సూపర్‌వైజర్‌కు చేసింది.

"ప్రెస్సు ఆపండి సార్! మా కంపైలర్లో పెద్ద తప్పు దొర్లింది."

"పొద్దున టెస్టు చేశాం కదమ్మా. కర్ర అడ్డం పెడితే దిమ్మ కదల్లేదు."

"దిగకముందు చూస్తుందండీ! దిగడం మొదలయ్యాక చూడదు! మీ కాళ్ళు పట్టుకుంటాను, ఆపించండి."

"అర్జెంటు ఆర్డర్ మీద ఉన్నామమ్మా. లంచ్ బెల్ కొట్టగానే ఆపి చూస్తాం, సరేనా? బ్రహ్మాండంగా ఉందని అమ్మింది మీరేగా," అని ఆయన పెట్టేశాడు.

మళ్ళీ చేస్తే ఎత్తలేదు. ట్యాక్సీలో దారి పొడుగునా చేస్తూనే ఉంది.

ఫ్యాక్టరీ ప్రహరీ దగ్గరికి వచ్చేసరికి ప్రెస్సు చప్పుడు వీధిలోకే వినిపిస్తోంది. ధన్, ధన్, ధన్. అంత వేగంగా అది కొట్టడం ఆమె ఎప్పుడూ వినలేదు. అయినా ఒక్కో దెబ్బ పడుతుంటే ప్రాణం లేచొచ్చినట్టుంది. అది మోగుతున్నంతసేపూ బావ క్షేమం.

గేటు దగ్గర కాపలావాడు చెయ్యి అడ్డం పెట్టాడు.

"పాస్ ఉందామ్మా?"

"మా బావ ప్రెస్సు మీద ఉన్నాడు. దాన్ని ఆపించాలి. పోనివ్వు బాబూ!"

"ఎందుకు ఆపడం? వినండి, ఎంత చక్కగా నడుస్తోందో."

ఆమె అతన్ని తోసుకుని పోబోయింది. అంతలో చప్పుడు ఆగిపోయింది.

కాపలావాడు నవ్వాడు. "ఇదుగో, మీరు అడగడమే ఆలస్యం, ఆగింది. ఏదో అడ్డొచ్చి ఉంటుంది. లైటు ఇట్టే కనిపెట్టేస్తుందమ్మా, ఆ మిషన్ అంత తెలివైంది."

లైటుకు దాన్ని ఆపే దారి లేదని బాణాలమ్మకు తెలుసు. లంచ్ బెల్ ఇంకా కొట్టలేదు. ఎవరో పరుగెత్తుకెళ్ళి మెయిన్ స్విచ్ లాగేసి ఉండాలి.

లోపల ఎవరో, "గుడ్డలు తెండి, గుడ్డలు!" అని కేక పెట్టారు. వెంటనే మళ్ళీ అదే కేక.

బాణాలమ్మ మొదటిసారే విన్నది.